గేటు దగ్గర సోదా

అంచులు మాత్రమే పట్టుకోవాలి. లోయ్జా కుబాట్ నూలు తొడుగులేసుకున్న రెండు అరచేతుల మధ్య రికార్డును నిలబెట్టి, దీపం కిందికి వంచి, ఇటూ అటూ తిప్పి చూసి, తెల్ల కాగితపు సంచిలోకి జార్చాడు. మామూలు వాటికంటే బరువు రికార్డు. ఒక్కో పెట్టెలో రెండేసి. గుడ్డ అంటించిన గట్టి పెట్టె, బంగారు అక్షరాలు, లోపల బొమ్మల పుస్తకం. యాభై ఏళ్ళ కిందటి పాటలకు ఇప్పుడు పెళ్ళిబట్టలు కట్టారు.

డెబ్బై రెండేళ్ళ మనిషి. పొట్టి. కుడి కాలి పిక్క ఎడమదానికంటే లావు. పద్దెనిమిదేళ్ళు ఒకే మరను ఒకే కాలితో తొక్కిన గుర్తు అది. పింఛను వచ్చాక కూడా వారానికి మూడు రోజులు రమ్మన్నారు, చేతులు వణకవని.

ఎదుటి బల్ల దగ్గర రూజెనా పెట్టెలకు మూతలు వేస్తోంది. ఆమెదీ అతని వయసే, అతనిలాగే అప్పటినుంచీ ఈ ఫ్యాక్టరీ మనిషే.

"ఏమయ్యా లోయ్జా, గడ్డం నున్నగా గీసుకొచ్చావు? పాటగత్తె వస్తోందనా?"

"బ్లేడు కొత్తది."

"బ్లేడు కొత్తదే, మొహం పాతది. ఆవిడ జడుసుకోకుండా ఉంటే చాలు."

లోయ్జా చొక్కా జేబు తడుముకున్నాడు. రుమాల్లో చుట్టినది అక్కడే ఉంది. ఇవాళ ఆవిడకు చెప్పాలి. నేనే కోశాను. రెండు మాటలు. పొద్దున బస్సులో మూడుసార్లు లోలోపల అనుకున్నాడు.

రష్యా ట్యాంకులు దేశంలోకి వచ్చిన మరుసటి ఏడు పాటగత్తె హెడ్వికా సోలారోవా రికార్డు ఈ ఫ్యాక్టరీలోనే అచ్చయింది. ఆపై ఏడు ప్రాగ్ నుంచి కాగితం వచ్చింది, ఆవిడ గొంతు ఇక వినపడకూడదని. దుకాణాల్లో ఉన్నవన్నీ లారీల్లో తిరిగొచ్చాయి. కరిగించి వేరే పాటలు పోయాలి. లేబుల్ కాగితం కలిస్తే సరుకు పాడవుతుంది, అందుకని ముందు లేబుల్ కోసేయాలి. అది లోయ్జా పని. రికార్డు పెట్టు, తొక్కు. నడుమ పసుపు బిళ్ళ తెగి డబ్బాలో పడుతుంది. నల్లటి చుట్టు రుబ్బే మరలోకి పోతుంది. పదకొండు రోజులు తొక్కాడు.

పెళ్ళయి అప్పటికి ఆరు నెలలు. వ్లాస్తా బడి వంటగదిలో బంగాళాదుంపలు తొక్కతీసేది. ఆ పాటలు రేడియోలో వస్తే చాకు ఆపి వినేది. "ఒక్కటి తెచ్చిపెట్టవూ" అంది. ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అతను భయపడ్డాడు. ఎవరూ బెదిరించలేదు, ఊరికే భయపడ్డాడు. చివరిరోజు ఒక బిళ్ళ జేబులో వేసుకుని ఇంటికెళ్ళాడు.

"గేటు దగ్గర సోదా చేస్తున్నారు. ఇదే దొరికింది."

వ్లాస్తా బిళ్ళను చూసింది. బల్లమీద పెట్టి దానిమీద తన కాఫీ గ్లాసు పెట్టుకుంది. ఆ తర్వాత ఆ మాటెప్పుడూ ఎత్తలేదు. నాలుగు చలికాలాల కిందట పోయేదాకా ఆమె గ్లాసుకు అదే చోటు.

పదింటికి రొట్టెమీద పందికొవ్వు రాసుకుని ఉల్లిపాయ నంజుకుంటూ తిన్నాడు. కొత్త లేబుళ్ళ పసుపు కొంచెం ముదురుగా ఉంది. ఇంకెవరికీ తెలియదు. అతనికి తెలుసు.

రెండింటికి ఆవిడ వచ్చింది. చేతికర్ర, ఎర్ర శాలువా, చిన్నగా కత్తిరించిన తెల్లజుట్టు. ఫోటోలయ్యాక బల్లల మధ్య నడుస్తూ లోయ్జా ముందు ఆగింది.

"మీరు అప్పుడు కూడా ఇక్కడే ఉన్నారా?"

"ఉన్నాను. మీ రికార్డులు నేనే కోశాను."

రుమాలు విప్పాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, గ్లాసు మరకలు పడ్డ బిళ్ళను వెలుగుకు పట్టింది.

"నా పేరుమీద కాఫీ తాగారన్నమాట!"

"మా ఆవిడ."

ఆవిడ నవ్వింది. కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడితే బాగుండుననీ అనుకున్నాడు.

"మీరు కాకపోతే ఇంకొకడు కోసేవాడు. ఆ ఇరవై ఏళ్ళూ నేను నాటకశాల వాకిట్లో జనం విప్పిన కోట్లు అందుకుని తగిలించాను. ఎవరి కొక్కెం వాళ్ళది" అంటూ బిళ్ళ తిరిగి అతని చేతిలో పెట్టింది. "ఒకటి దాచుకుందామన్నా గేటు దగ్గర సోదా చేసేవారు కదా?"

ఎదుటి బల్ల దగ్గర రూజెనా చేతిలో మూత ఆగింది.

"చేసేవారు" అన్నాడు లోయ్జా.

ఆవిడ ఒక పెట్టె తీసుకుని కలం తెరిచింది. "ఎవరికని రాయను?"

"వ్లాస్తాకి."

సాయంత్రం బస్సు స్టాపులో రూజెనా అతని పక్కన కూలబడింది.

"సోదానా? ఎప్పుడయ్యా? ఆ కాపలా ముసలాడు సగం పూట గురకపెట్టేవాడు. నేను రెండు పట్టుకెళ్ళాను, రొట్టెల సంచిలో. క్యాంటీన్ మనిషి కూడా పట్టుకెళ్ళింది."

అతను పెట్టెను ఒళ్ళో సర్దుకున్నాడు.

"ఒకటి మీ వ్లాస్తాకి ఇవ్వబోయాను. వద్దంది. 'మా ఆయన తెస్తాడు' అంది."

"ఎప్పుడు?"

"నువ్వు కోయడం మొదలెట్టిన వారమే. సంచిలోంచి తీసి చూపించాను కూడా."

"చూపించావా?"

"చూపించక!"

అంటే, అతను గేటు సంగతి చెప్పిన సాయంత్రానికే వ్లాస్తాకి తెలుసు. తెలిసే గ్లాసు పెట్టుకుంది.

బస్సొచ్చింది. రూజెనా రెండుసార్లు పిలిస్తేగాని లేవలేదు.

మర్నాడు పొద్దున స్టాపులో అతను లేడు. రూజెనా బస్సును పోనిచ్చి అతని ఇంటికి నడిచింది. తలుపు గడియ వేసి లేదు. లోయ్జా వంటగదిలో కుర్చీలో కూర్చునే ఉన్నాడు, గడ్డం ఛాతీకి ఆనించి. నిన్న సాయంత్రమే పోయాడని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు.

బల్లకు అవతలి వైపు వ్లాస్తా కుర్చీ. దాని ముందు, అటు కూర్చున్న మనిషికి అక్షరాలు తిన్నగా కనబడేలా తిప్పి, మూత తీయని పెట్టె. పక్కన ఆమె గ్లాసు. నిండా కాఫీ, మడ్డి అడుక్కి దిగి తేరుకుంది.

రూజెనా గ్లాసు ఎత్తింది. కింద పసుపు బిళ్ళ. ఒకదానిమీద ఒకటి లెక్కలేనన్ని గోధుమరంగు వలయాలు, అన్నిటికీ పైన ఇంకా తడి ఆరనిది ఒకటి.