మూడిళ్ల క్యారేజీలు

నా భార్య వెంకటలక్ష్మి పోయాక మా కొల్లేటి ఊళ్లో నేనంటే అందరికీ జాలి. ఆ జాలి తగ్గకుండా నేనే చూసుకున్నాను.

పదిమందిలో కూర్చుంటే నాలుగు ముద్దలు కెలికి లేచిపోయేవాణ్ణి. పెళ్లాం పోయినవాడు కడుపునిండా తింటే ఊరు ఏమంటుందో నాకు తెలుసు. చిక్కిపోతాననే భయంతో నా భార్య అక్క సత్యవేణీ, కనకరాజు వాళ్లావిడా, ఇంకో ఇంటివాళ్లూ మధ్యాహ్నం క్యారేజీలు పంపేవారు. మిగతా రెండిళ్ల వంట నోట పెట్టలేకపోయానని ఒక్కొక్కరితో చెప్పేవాణ్ణి. తలుపు గడియ పెట్టి మూడూ ఖాళీ చేసేవాణ్ణి. ఆకలి ఉండేది కాదు. రుచి తెలిసేది కాదు. చెయ్యి మాత్రం ఆగేది కాదు. అన్నం అయిపోతే మా చేపల చెరువు దగ్గర పనివాళ్ల కోసం కొన్న బన్నులు తినేవాణ్ణి. కదల్లేక గోడకి ఆనుకుని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. మర్నాడు శిక్షగా పస్తు. ఆ తర్వాతి రోజు మళ్లీ మూడు క్యారేజీలు.

రెండేళ్లు ఇలా గడిచింది. కొల్లేట్లో సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన ఏడాది, మిగిలిన చెరువులో వల లాగుతుంటే జెల్ల చేప ముల్లు కాలివేలికి దిగింది. నొప్పి తెలియలేదు. వారానికి వేలు నల్లబడింది. సత్యవేణి వదిన ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లింది. వేలు తీసేశారు.

ఏం తింటారని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపే వదిన, మా మరిది మెతుకు ముట్టడం లేదని చెప్పి కళ్లు తుడుచుకుంది.

డాక్టరమ్మ రిపోర్టు చూసింది. "మెతుకు ముట్టని మనిషికి షుగరు నాలుగొందలు ఎలా వచ్చిందండీ? మీరు చెప్పేదాన్ని బట్టే నేను మందు రాయాలి. అబద్ధమైతే ఈసారి పాదం తీయాల్సొస్తుందండి."

చెప్పాను. క్యారేజీలు, బన్నులు, పస్తులు, అన్నీ.

"నా పులుసు నోట పెట్టలేకపోయానని కనకరాజు గారింట్లో అన్నారట. అది తినకముందా, తిన్నాకా?" అంది వదిన.

"గిన్నె నాకేశాక, వదినా."

ఇది జబ్బేనని, దీనికి వైద్యం ఉందని డాక్టరమ్మ అంది. నేను ఇప్పటికీ సగమే నమ్ముతాను. పస్తు ఉండటం వల్లే మర్నాడు చెయ్యి ఆగదట. మూడు పూటలా వేళకి, మనిషి ఎదురుగా ఉండగా తినాలట. ఒక పూట తప్పు చేసినా తర్వాతి పూట మానకూడదట. నెలకోసారి వచ్చి మాట్లాడాలట.

కర్ర పట్టుకుని మిగతా రెండిళ్లకూ నేనే వెళ్లి క్యారేజీలు ఆపమన్నాను. ఎందుకో కూడా చెప్పాను. కనకరాజు మొహం తిప్పుకున్నాడు. "మా ఆవిడ తన అన్నం తగ్గించుకుని నీకు పెట్టింది బావా" అన్నాడు. ఊళ్లో జాలి ఒక్కరోజులో అయిపోయింది. పోనీ. రెండు పాదాలూ ఉన్నాయి.

వదిన క్షమించలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ క్షమించను. అయినా మూడు పూటలా తన వసారాలో కంచం పెట్టి, నేను చెయ్యి కడుక్కునేదాకా ఎదురుగా కూర్చునేది.

ఇరవై రోజులు నెగ్గాను. ఇరవై ఒకటో రోజు చేపల మేతకి నూనెగింజల చెక్క కోసం తాడేపల్లిగూడెం వెళ్లి, బస్టాండులో నిలబడే కిలో కాజాలు తినేశాను. తిరిగొచ్చి చేతులు కడుక్కోకుండానే వదినకి చెప్పాను. రేపంతా పస్తుంటానన్నాను.

"అక్కర్లేదు మరిదిగారూ. ఎనిమిదింటికి ఇడ్లీ. రాకపోతే కంచం పట్టుకుని మీ వాకిట్లోకొస్తాను, ఊరంతా చూస్తుంది."

ఎనిమిదింటికి వెళ్లాను. మూడు ఇడ్లీలు పెట్టింది. కడుపులో ఇంకా బరువుగానే ఉంది. చూస్తేనే అసహ్యం వేసింది. తిన్నాను. మధ్యాహ్నం ఎన్నింటికి రావాలో అడిగి, కర్ర తీసుకుని చెరువుకి బయల్దేరాను.