నాన్న పడుకున్న ఇల్లు

ఎండ.

కిటికీకి కొట్టిన నల్లగుడ్డ అంచున సన్నగా... మూసిన రెప్పల మీద వెచ్చగా, ఎర్రగా... ఎండ.

నర్సీపట్నమంతా పనిలో పడే వేళకి మౌళి పక్క మీద వాలతాడు. నక్కపల్లి దగ్గర మందుల కంపెనీలో కెమిస్టు. ఒక వారం పగలు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. ఈ వారం రాత్రి. బస్సు దిగి, రెండిడ్లీ తిని, కళ్లు మూసుకుంటాడు.

మూసుకుంటాడు — అంతే. నిద్ర రాదు.

నిద్ర సుఖమెరుగదంటారు. అన్నవాడెవడో గానీ నైట్ డ్యూటీ చేసి ఉండడు.

గుండె దడదడ. ఎవరో వెనకనించి తరుముతున్నట్టు. డాక్టరు చెప్పాడు — ఒంట్లో కార్టిసాల్ అని ఒకటి ఊరుతుందట. తెల్లారితే చాలు, లే, పనికి పద, అని మనిషిని తరుముతుందట. రాత్రికి సద్దుమణుగుతుందట. వారం వారం మారే షిఫ్టు దానికేం తెలుసు? పడుకోబోయే మనిషిని పట్టుకుని లేపుతుంది.

"డ్యూటీ మార్పించుకోలేరా?" అన్నాడు డాక్టరు.

మౌళి నవ్వాడు. ఏడవలేక.

డ్యూటీ మారలేదు. ఇల్లే మారింది.

భార్య హైమ చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లి, వీధిలో తొడుక్కుని, పాఠాలు చెప్పే స్కూలుకి పోతుంది. తల్లి కమలాంబ పూజగంట నాలుకకి గుడ్డ చుట్టింది. కుక్కరు అటకెక్కింది — కూత పెడుతుందని. మళ్లీ గిన్నెలో అన్నం, మళ్లీ గంజి వార్చడం.

నాలుగేళ్ల కూతురు ఫణిశ్రీ గుసగుస నేర్చుకుంది.

మాటలొచ్చిన దగ్గర్నుంచి విన్నదదే — "ఉష్... నాన్న పడుకున్నాడే." బొమ్మతో గుసగుస. పిల్లితో గుసగుస. వీధిలో ఆటకెళ్లినా గుసగుసే.

"ఏటమ్మా, పిల్లకి గొంతు లేదేటి?" అంది పక్కింటి బుల్లమ్మ.

కమలాంబ మురిసిపోయింది. "ఎంత బుద్ధిమంతురాలో!"

బుద్ధా అది? భయం.

ఆ రోజు కమలాంబ గంజి వార్చి, పొగలు కక్కే ఆ గంజిగిన్నె గట్టు మీద పెట్టి, వడియాలు పెట్టడానికి డాబా ఎక్కింది.

ఖంగుమని ఏదో పడింది.

అప్పుడప్పుడే బరువెక్కుతున్న కన్ను... చెదిరింది. మౌళికి ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. "ఏటా చప్పుడు!" అని అరిచాడు. అంత కోపం తనకెక్కడిదో తనకే తెలీలేదు.

తరవాత — ఏమీ లేదు. చిన్న అలికిడి కూడా లేదు.

హమ్మయ్య అనుకున్నాడు. అటు తిరిగాడు. ఇటు తిరిగాడు. కునుకు లేదు. నాలుక పిడచకట్టుకుపోయి, చివరికి మంచినీళ్లకి లేచాడు.

వంటింట్లో గిన్నె బోర్లా పడి ఉంది. నేలంతా గంజి. తలుపు మూల ఫణిశ్రీ.

ఎడమచెయ్యి మోచేతిదాకా కమిలిపోయి, బొబ్బలెక్కుతోంది. గౌను అంచు నోట్లో కుక్కుకుని, పళ్లు బిగబట్టి... కళ్ల వెంట ధారలు. చప్పుడు లేదు.

మౌళి ఆ గుడ్డ నోట్లోంచి లాగాడు.

"నిన్ను లేపీసేనా నాన్నా?" అంది. గుసగుసగానే.

అయ్యో తల్లీ... అయ్యయ్యో...

ఆసుపత్రిలో చెయ్యి కడుగుతూ నర్సు అంది — "ఏడు తల్లీ, పర్లేదు. ఏడిస్తే బాధ తగ్గుతాది." పిల్ల మాత్రం తండ్రి మొహం చూసింది. పెదవి కొరుక్కుంది.

స్కూలునించి పరుగున వచ్చింది హైమ. కూతుర్ని ఒళ్లోకి తీసుకుని, కళ్లు తుడుచుకుని, మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. "మీరు నిద్రలో ఉన్నారు. మీకేం తెలుస్తుంది లెండి."

ఆ మాట కత్తిలా దిగింది.

నిద్రలో లేడు. మేలుకునే ఉన్నాడు. గోడకి ఇవతల తను, అవతల కాలిన చెయ్యి. పసిది అంత ఏడుపూ దిగమింగింది — లేని నిద్ర కోసం.

చెప్పాలి. హైమకి చెప్పాలి. మందుల చీటీ తీసుకుని బయటికి నడిచాడు.

పొద్దు వాలేసరికి ఇంటికొచ్చారు. డ్యూటీకి బేగి బయల్దేరమని కమలాంబ క్యారేజీ తెచ్చి పెట్టింది. మౌళి దాన్ని ముట్టుకోలేదు. కూతురి ముందు మోకాళ్ల మీద కూచున్నాడు.

"ఒక్కసారి కేకెయ్యి తల్లీ. నాన్నా అని... గట్టిగా. వీధంతా వినపడాలి."

ఫణిశ్రీ నోరు తెరిచింది. మెడ నరాలు లేచాయి. మొహం ఎర్రబడింది.

గాలి మాత్రం వచ్చింది.

"ఇంకోసారి..." అన్నాడు మౌళి. "ఇంకొక్కసారి, తల్లీ..."