ఐదుసార్లు షిఫ్ట్

షిఫ్ట్ మీట వరసగా ఐదుసార్లు నొక్కితే ఏదో సదుపాయం కావాలా అని అడుగుతూ తెర మీద ఓ పెట్టె ఊడిపడుతుంది. అది కనబడగానే మా ప్రెస్సులో అందరం విసుక్కుని "వద్దు" కొట్టేవాళ్లం. రెండు చేతులూ పనిచేసినన్నాళ్లూ నేనూ అంతే.

ఇప్పుడు లారీ పుణ్యమా అని నా ఎడమచెయ్యి ఉన్నా లేనట్టే. ఆసుపత్రి నుంచి వచ్చి నా కుర్చీలో కూర్చోబోతే, ప్రెస్సు నడిపే మా అన్నయ్య అడ్డం వచ్చాడు.

"కౌంటర్లో కూర్చోమ్మా. వచ్చినవాళ్లని పలకరిస్తే చాలు. నీకెందుకీ కష్టం?"

ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ పేజీలు కట్టినదాన్ని, ఇప్పుడు గుమ్మం దగ్గర బొమ్మలా నవ్వుతూ కూర్చోవాలట!

"ఈ స్కూలు సంచిక నాకివ్వు. సాయంత్రానికి అవ్వకపోతే నువ్వు చెప్పిన చోటే కూర్చుంటా" అన్నాను.

షిఫ్ట్ ఐదుసార్లు నొక్కి, ఈసారి "అవును" కొట్టాను. కాపీకైనా సేవ్‌కైనా కంట్రోల్‌తో పాటు ఇంకో మీట కలిపి నొక్కాలి కదా, ఇక కంట్రోల్ నొక్కి వదిలేసినా కంప్యూటరు దాన్ని పట్టుకునే ఉంటుంది. రెండో మీట తీరిగ్గా నొక్కుకోవచ్చు. కంట్రోల్ నొక్కినప్పుడల్లా టింగుమంటుంది. పని చకచకా సాగింది.

అన్నయ్యకి కాలు నిలవలేదు. మాటిమాటికీ వచ్చి, "సేవ్ చేశావా?" అంటూ నా భుజం మీంచి రెండు చేతులూ చాపి మీటలు తనే నొక్కేసేవాడు. తను మొదటిసారి వచ్చివెళ్లినప్పట్నించీ నా పని తగలడింది. కాపీ చేద్దామనుకున్న పేరా మాయమై, దాని చోట ఏదో అక్షరం ఒంటరిగా నిలబడేది.

"చెప్పానా? ఇంక మొండికెయ్యకు" అన్నాడు.

కళ్లనీళ్లు తిరిగాయి. అప్పుడు తట్టింది, టింగు కూడా వినబడటం లేదని. సెట్టింగులు తెరిచి ఒక్కో వాక్యం చదివాను. రెండు మీటలు ఒకేసారి నొక్కితే, రెండు చేతులవాళ్లెవరో వచ్చారనుకుని ఈ సదుపాయం దానంతటదే ఆగిపోతుందట. పొద్దుట్నించీ నా కొంప ముంచుతున్నది మా అన్నయ్య ప్రేమే!

ఆ వాక్యం పక్కన గడిలో టిక్కు తీసిపారేసి, మళ్లీ షిఫ్ట్ ఐదుసార్లు నొక్కి "అవును" కొట్టాను.

ఆఖరి పేజీలో ఉండగా మళ్లీ ఆ చేతులు వచ్చాయి.

"తియ్యి" అన్నాను.

"సాయం చేద్దామనే కదమ్మా..."

"నీ సాయమే ఇందాకట్నించీ నాకున్న ఒక్క చేతినీ పనికిరాకుండా చేసింది."

అన్నయ్య మొహం వాడిపోయింది. జాలేసింది గానీ తగ్గలేదు. కంట్రోల్ నొక్కి వదిలాను. టింగ్. ఎస్ నొక్కాను. సంచిక పూర్తయింది.

అన్నయ్య పేజీలన్నీ తిరగేసి చూశాడు. వంక దొరకలేదు.

"పోనీ, ఆ చప్పుడైనా ఆపు. వచ్చినవాళ్లు ఏంటని అడుగుతారు."

"అడగనీ. మా చెల్లి పని చేస్తోందని చెప్పు. ఇక కౌంటర్లో కూర్చునేది నువ్వేగా."