ఫ్రాంక్లిన్ దిద్దిన మూడు తప్పులు

ఏలూరులో నాలుగేళ్ల బీటెక్‌ని ఫ్రాంక్లిన్ సీనియర్ల ల్యాబ్ రికార్డులు చూసి ఎక్కించే గట్టెక్కాడు. సీనియర్ ఇస్తాడు, జూనియర్ ఎక్కిస్తాడు, సారు సంతకం పెడతాడు. ఇవ్వనివాడినే అక్కడ స్వార్థపరుడనేవారు. అడిలైడ్ వచ్చి మాసన్ లేక్స్ క్యాంపస్‌లో ఏరోస్పేస్ మాస్టర్స్‌లో చేరాక మొదటి సెమిస్టర్లోనే ఆ అలవాటు బయటపడి వార్నింగ్ అందుకున్నాడు. మళ్లీ దొరికితే సస్పెన్షన్, ఆ వెనకాలే వీసాకి ఎసరు. అయినా బుద్ధి వచ్చిందా? అబ్బే!

రెండో సెమిస్టర్లో, అమెరికా బాంబర్ విమానాలు ఈ ఎనభై ఏళ్లలో ఎలా మారుతూ వచ్చాయో రాయమన్నారు. ఫ్రాంక్లిన్ ఒక్క పేజీ ముట్టలేదు. రేపు గడువనగా, చర్చిలో పరిచయమైన కాకినాడ జెన్సీని పట్టుకున్నాడు. ఆమెదీ అదే క్లాసు.

"అక్కా, ఆర్వో మొత్తం, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా, వేర్‌హౌస్‌లో షిఫ్టే. నీ అసైన్‌మెంట్ ఒక్కసారి పంపవా? జస్ట్ చూసి వదిలేస్తా."

"చూడ్డానికేరోయ్. మక్కీకి మక్కీ దింపావంటే చంపేస్తా," అంటూనే పంపించింది జెన్సీ. మనవాడు అడిగితే లేదనడం ఆమెకూ చేతకాదు.

మక్కీకి మక్కీ దింపడానికే కూర్చున్నాడు. కానీ విమానాలంటే వాడికి చిన్నప్పటి నుంచీ పిచ్చి, దొరికిన పుస్తకమల్లా నమిలేసినవాడు. బి-17లోనే గాలి పీడనం నిలిపే క్యాబిన్ ఉందని రాసింది జెన్సీ. ఎక్కడ! అందులో సిబ్బంది ఆక్సిజన్ మాస్కులు తగిలించుకుని చలికి కొయ్యబారిపోయేవాళ్లు. ఆ సుఖం బి-29తో వచ్చింది. దిద్దాడు. బి-36కి ఎనిమిది ఇంజన్లట. పంకాలవి ఆరు, తర్వాత చేర్చిన జెట్లు నాలుగు, వెరసి పది. అదీ దిద్దాడు. ధ్వనికి రెండింతల వేగంతో పోయే బి-58ని పదేళ్లకే పక్కన పెట్టింది ఇంజన్ల బలం చాలకనట! సోవియట్ క్షిపణులు అంత ఎత్తుకూ చేరాక ఎత్తూ వేగమూ కాపాడలేకపోయాయనీ, అందుకే తర్వాతి బాంబర్లు నేలబారుగా ఎగరడం, ఆపైన రాడార్ కంటబడకుండా తప్పుకోవడం నేర్చాయనీ నాలుగు వాక్యాలు చేర్చాడు. మిగతాదంతా అలాగే ఉంచి ఆ రాత్రే అప్‌లోడ్ చేశాడు. జెన్సీ మర్నాడు చేసింది.

వారం తిరక్కుండా ఇద్దరికీ పిలుపు వచ్చింది. లెక్చరర్ పేరు గ్రేమ్. ఇక్కడ సారూ గీరూ ఏమీ లేదు, పేరు పెట్టే పిలవాలి. ఆయన రెండు కాపీలూ బల్ల మీద పరిచాడు.

"ఫ్రాంక్లిన్ ముందు పంపాడు. అతని దాంట్లో తప్పులు లేవు, నీ దాంట్లో ఉన్నాయి. ఇతను రాసింది నీ చేతికెలా వచ్చింది, జెన్సీ?"

జెన్సీ ఫ్రాంక్లిన్ వైపు తిరిగింది.

ఫ్రాంక్లిన్ మనసులో లెక్క వేశాడు. నోరు మూసుకుంటే చాలు, గండం గడిచినట్టే. ఆమెకిది మొదటిసారి, వార్నింగ్‌తో పోతుంది. తనకైతే మూటాముల్లే సర్దుకోవడమే. ఇంత నీచమైన లెక్క అంత చప్పున తట్టినందుకు వాడికి సిగ్గేసింది. జెన్సీ తన వైపే చూస్తోంది. తిట్టినా బాగుండేది.

"రాసింది తను. కాపీ కొట్టింది నేను," అన్నాడు.

"మరి తప్పులు?"

"చూస్తూ వదల్లేక దిద్దాను."

గ్రేమ్ నమ్మలేదు. అయితే బి-58 సంగతి చెప్పమన్నాడు. ఫ్రాంక్లిన్ కాగితం చూడకుండా పది నిమిషాలు చెప్పాడు. గ్రేమ్ పెన్ను పక్కన పెట్టి మరీ విన్నాడు. అంతా విని, రూలు ప్రకారం పైవాళ్లకు రాసేశాడు.

పది రోజులకు ఉత్తరాలొచ్చాయి. ఇచ్చినందుకు జెన్సీకి వార్నింగ్, ఫ్రాంక్లిన్‌కి ఏడాది సస్పెన్షన్. యూనివర్సిటీ బయట బస్‌స్టాప్‌లో జెన్సీ వాడి మీద విరుచుకుపడింది.

"ఒరేయ్ దరిద్రుడా! ఇంత తెలిసినోడివి, నా చెత్త నీకెందుకురా? నువ్వే రాసుంటే హై డిస్టింక్షన్ వచ్చేది కదరా!"

ఫ్రాంక్లిన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు రాయడం వచ్చని నాకు మాత్రం ఏం తెలుసక్కా," అన్నాడు. "ఎప్పుడూ రాసి చూళ్లేదుగా."