నేను సూత్తాను

లేత్ మెషీన్ చక్‌లో బిగించిన ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతుండగా దేముడు కోత పనిముట్టును వెంట్రుకవాసి ముందుకు జరిపాడు. ఇనుము చుట్టలు చుట్టలుగా ఒలుచుకుని కింద ట్రేలో పడింది. పాలలాంటి నూనెనీళ్ళు దాని మీద పడి చుయ్‌మన్నాయి. తల కాస్త ఎడమకు వంచి, నోరు కొద్దిగా తెరిచి అతను ఆ చప్పుడు వింటున్నాడు. ఆ మెషీన్ ముందు నిలబడ్డప్పుడల్లా అతని నోరు అలాగే తెరుచుకుంటుంది. చూసేవాళ్ళకు ఏదో ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తాడు గానీ, ఇన్నేళ్ళలో ఆ షెడ్డులో దేముడు ఆశ్చర్యపోయిందేమీ లేదు.

యాభైకి దగ్గరపడుతున్న మనిషి. పొట్టి. మెడ అనేది లేకుండా భుజాల మీదే తల పెట్టినట్టు ఉంటాడు. ముంజేతుల నిండా వేడి ఇనుప పొట్టు కాల్చిన చిన్న చిన్న మచ్చలు. గోళ్ళ చుట్టూ ఎంత రుద్దినా వదలని నలుపు. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు ఆ చేతుల్ని జేబుల్లోంచి తియ్యడు. పేరు మాత్రం గొప్పది. టెక్కలి దగ్గర పల్లెలో తల్లి మొక్కుకుని పెట్టిన ఆ పేరు హిందీవాళ్ళ ఊరైన ఆదిత్యపూర్‌లో ఎవరి నోటా తిరగక ‘డెమూ’ అయి కూర్చుంది. దేముణ్ణి ఇంతకంటే చులకన చేసిన ఊరు ఇంకోటి ఉండదని అతని భార్య తవిటమ్మ నవ్వుతూ ఉంటుంది.

ఆ షెడ్డులో అతనికి అదే ఆఖరి పూట. అయినా కడ్డీని ఆఖరి కడ్డీలా ఏమీ చెక్కలేదు. ఎప్పటిలాగే చెక్కాడు, ఎప్పటిలాగే బొటనవేలితో అంచు తడిమాడు, ఎప్పటిలాగే పక్కన పెట్టాడు. షెడ్డులో ఆ చివర కొత్త మెషీన్ ఒకటి అద్దాల పెట్టెలో కూర్చుని తన పని తాను చేసుకుపోతోంది. దానికి ఒక అమ్మాయి బటన్లు నొక్కుతుంది. మంచి పిల్ల, నమస్తే పెట్టకుండా లోపలికి రాదు. ఆ మెషీన్ వచ్చాక దేముడి లేత్‌ను పాత ఇనుము కింద అమ్మేద్దామని, అందరూ మాలిక్ అని పిలిచే షెడ్డు యజమాని నిర్ణయించాడు. అయితే మనిషిని పొమ్మనలేదు. హెల్పరుగా ఉండమన్నాడు. కొత్త మెషీన్‌కు దిమ్మెలు అందివ్వాలి, కింద రాలిన పొట్టు ఊడవాలి.

దేముడు ఒళ్ళు దాచుకునే రకం కాదు. ఊడవడం నామోషీ అని కూడా అనుకోలేదు. కానీ లేత్‌ను ఎత్తుకుపోయాక ఖాళీ అయిన ఆ జాగాను రోజూ చీపురుతో ఊడవాల్సి వస్తుందని అతనికి తట్టింది. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. మర్నాడే బెంగుళూరులో ఉన్న మేనల్లుడు శేఖర్‌కు ఫోన్ చేసి, అక్కడేమైనా పని దొరుకుతుందా అని అడిగాడు. జీవితంలో అతను ఒకరిని సాయం అడిగింది అదే మొదలు. శేఖర్ సాయంత్రానికి వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాడు. “వచ్చెయ్ మావా. నేను సూత్తాను.”

అంతే. దేముడికి ఆ మాట చాలు. మర్నాడే వెళ్ళి, హెల్పరు పని తనకు వద్దని మాలిక్‌తో చెప్పేశాడు.

ఎందుకు చాలో చెప్పాలంటే వాళ్ళ ఇంట్లో ‘సూడ్డం’ అనే మాటకు ఉన్న బరువు చెప్పాలి. తండ్రి పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు ఎత్తి దించి, స్నానం చేయించి, దేముడు ‘సూశాడు’. అక్క నూకాలమ్మ మొగుడు పోయి చంటిపిల్లాడితో గుమ్మంలో నిలబడినప్పుడు, “ఏడవకే, నాను సూత్తాను” అన్నాడు. అన్నాక చూశాడు. ఆ చంటిపిల్లాడే శేఖర్. ఆదిత్యపూర్‌కు నది ఇవతల బర్మామైన్స్ పేటలో, గదీ వంటగదీ మాత్రమే ఉన్న వాళ్ళ ఇంట్లో మామ పక్కన పడుకుని పెరిగాడు, మామ కంచంలోంచి ముద్దలు తిన్నాడు, మామ భుజమెక్కి దుర్గాపూజ పందిళ్ళు చూశాడు. అక్క పోయి రెండేళ్ళయింది. వాడు సూత్తానన్నాడంటే ఇక అందులో అనుమానపడేది ఏముంది?

మధ్యాహ్నం మెషీన్ ఆపాక అందరూ చుట్టూ చేరారు. సమోసాలు, టీ తెప్పించారు. మాలిక్ దేముడి భుజం మీద చెయ్యి వేసి, అక్కడ మనసు కుదరకపోతే వచ్చెయ్యమన్నాడు. హెల్పరు పని సోమవారం దాకా ఎవరికీ ఇవ్వనని కూడా అన్నాడు. దేముడు నవ్వాడు. “అక్కడ మా పిల్లాడున్నాడు బాబూ, వాడే అంతా చూసుకుంటాడు” అని హిందీలో గర్వంగా చెప్పాడు. అప్పటికి ఆ గర్వానికి ఢోకా లేదు.

షేర్ ఆటోలో ఖర్కాయి నది వంతెన దాటుతుంటే మొట్టమొదటిసారి భయం వేసింది. వంతెన రోజూ దాటేదే. రేపు దాటనవసరం లేదు. పక్కన కూర్చున్నావిడ కూరగాయల సంచి అతని మోకాలికి తగులుతుంటే జరగకుండా అలాగే కూర్చున్నాడు.

ఇంటికి వచ్చేసరికి తవిటమ్మ ప్రయాణానికి పులిహోర కలుపుతోంది. పక్కింటి సరస్వతమ్మ గుమ్మంలో నిలబడి, బెంగుళూరులో చలి ఎక్కువటగా, దుప్పటి పెట్టావా అని ఆరా తీస్తోంది. మొగుడికి బెంగుళూరులో ఉద్యోగమైందని తవిటమ్మ వీధి వీధంతా చెప్పుకుంది. గొప్పకు కాదు. ఆ వీధిలో అందరి సంగతులూ అందరికీ తెలియాలి, తెలియకపోతే వాళ్ళే ఒకటి కల్పిస్తారు. ఆ బాధకంటే మనమే చెప్పుకోవడం నయమని ఆవిడ లెక్క.

దేముడు పెరట్లో కాళ్ళూ చేతులూ కడుక్కుని, కాసేపు అక్కడే ఏదో చేసుకుని లోపలికి వచ్చాడు. కూతురు రజని సంచి సర్దుతోంది. డిగ్రీ చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు విప్పితే హిందీయే. శేఖర్‌ను ‘భయ్యా’ అని పిలిచి తల్లి చేత ఎన్నిసార్లు మొట్టికాయలు తిన్నదో! మేనత్త కొడుకు బావ అవుతాడు గానీ భయ్యా ఎలా అవుతాడే అని తవిటమ్మ నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆ పిల్లకు అది ఎక్కలేదు.

దేముడు ఫోన్ ఆమె చేతికిచ్చాడు. “ఇదిగోనే అమ్మా. బావ మాట ఇందులో ఉంది. ఎక్కడికీ పోకండా దాచు. రైల్లో ఒకపాలి ఇనుకుంతాను.”

రజని దాన్ని అప్పటిదాకా వినలేదు. బావ రమ్మన్నాడని తండ్రి చెప్పడమే విన్నది. చెవి దగ్గర పెట్టుకుంది. విని, మళ్ళీ పెట్టుకుంది. మూడోసారి పెట్టుకునేటప్పటికి ఆమె ముఖం మారింది.

“ఏటే?”

“డాడీ, నౌక్రీ కా తో కుఛ్ బోలా హీ నహీఁ.” ఉద్యోగం ఊసే ఎత్తలేదంటోంది.

“సూత్తానన్నాడు గదే.”

రజని ఫోన్ మంచం మీద పెట్టింది. తరువాత మెల్లగా, “మై దేఖ్‌తా హూఁ. వహీ బోల్ రహే హైఁ, డాడీ” అంది, బావ అంటున్నది అదేనని.

దేముడు ఆ హిందీ మాటను ఒకసారి తనలో అనుకుని చూశాడు. మై దేఖ్‌తా హూఁ. షెడ్డులో పాతికేళ్ళు విన్న మాటే. అడ్వాన్సు అడిగితే మాలిక్ అనే మాట. సెలవు అడిగితే సూపర్‌వైజర్ అనే మాట. చూద్దాంలే, అయితే అవుతుంది, కాకపోతే లేదు అని దాని అర్థం. శేఖర్ మనసులో హిందీలో అనుకుని, నోటితో తెలుగులో అన్నాడు. దేముడు విన్నది, అక్క గుమ్మంలో నిలబడ్డప్పుడు తాను అన్న మాట. వాడు పంపింది మాలిక్ మాట.

దేముడు మంచం పట్టె మీద కూర్చున్నాడు. శేఖర్‌కు ఫోన్ చెయ్యమని కూతురికి సైగ చేశాడు. అవతల లిఫ్టు తలుపుల చప్పుడు వినిపించింది. శేఖర్ ఏదో పెద్ద అపార్టుమెంటులో లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు.

“ఒరే శేఖరూ, నాకక్కడ పని కుదిరినట్టేనా?”

అవతల గొంతు తడబడింది. “పనా? మావా, నేను సూత్తాను అన్నాను గదా. సూత్తన్నాను. ఇద్దరు ముగ్గురికి చెప్పాను. ఇంకా ఎవడూ ఏటీ అనలేదు.”

“మరి వచ్చెయ్ అన్నావు.”

“వత్తే నా దగ్గర ఉంతావని మావా. ఇక్కడ అద్దెలు ఎలాగున్నాయనుకున్నావు. ఒక గదిలో అయిదుగురం. ఒకడు పొయ్యి కాడ పడుకుంతాడు. నువ్వు నా పరుపు మీద పడుకుందువు గాని, నేను కింద పడుకుంతాను. కానీ పని మాత్తరం నా సేతిలో లేదు.” అంతలో అనుమానం వచ్చి అడిగాడు. “నువ్వు అక్కడి పని వదిలీసినావా?”

దేముడు “సరేరా, తిన్నావా?” అని అడిగి, వాడు ఏదో అంటుండగానే ఫోన్ పెట్టేశాడు.

కోపం రావాలి. రాలేదు. వచ్చింది సిగ్గు. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా ఒక్క మాట పట్టుకుని బతుకంతా దాని మీద వేశాడు. సోమవారం దాకా చీపురు అక్కడే ఉంటుందని మాలిక్ అన్న మాట గుర్తొచ్చింది. ఇప్పుడు ఒక్క ఫోన్ కొడితే చాలు. వీధిలో నాలుగు రోజులు నవ్వుతారు, అయిదో రోజు మరిచిపోతారు. రజని చదువుకు అడ్డం ఉండదు. అన్నీ తెలుసు. అయినా మాలిక్ నంబరు మీద వేలు పెట్టలేకపోయాడు.

“మత్ జాయియే, డాడీ.” వెళ్ళొద్దని రజని గొంతు తగ్గించి బతిమాలింది. దేముడు వంటగది వైపు చూసి, అమ్మకు చెప్పకు అన్నట్టు వేలు చూపించాడు.

చెప్పనక్కర్లేదు. తవిటమ్మ పులిహోర అంటిన చేత్తో ఎప్పటి నుంచో గడప మీద నిలబడే ఉంది. సరస్వతమ్మను ఎప్పుడు సాగనంపిందో ఏమో, వెనక ఎవరూ లేరు. ఆమె అరవలేదు, శేఖర్‌ను తిట్టలేదు.

“ఆడి సంగతి అలగుంచు. నువ్వు ఎల్తావా, ఉంతావా?”

ఆ ప్రశ్న ఇంతవరకు అతన్ని ఎవరూ అడగలేదు. మెషీన్ అమ్ముతున్నామన్నారు, ఊడవమన్నారు, వచ్చెయ్యమన్నారు. నీకేం కావాలని మాత్రం ఎవరూ అనలేదు. దేముడు తన చేతులవైపు చూసుకున్నాడు.

“ఎల్తాను.”

“పని లేకండానా?”

“ఆ జాగా నాను ఊడవలేను తవిటీ. మెషీన్లున్న ఊరే గదా అదీను. ఎక్కడో ఒక పాత లేత్ ఉండకపోద్దా.”

“లేకపోతే?”

బయట గుడ్స్ బండి ఒకటి చాలాసేపు పోతూనే ఉంది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు.

“లేకపోతే వచ్చీ” అంది తవిటమ్మ. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ గొంతులో వాటి జాడ లేదు. “వచ్చీడానికి మాత్తరం సిగ్గుపడకు. సిగ్గుపడి ఆ ఊర్లో ఏ మెట్ల కిందో పడుండకు. ఈదిలో అడిగినోళ్ళకి నాను సెప్పుకుంతాను.”

దేముడు ఆమె వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తాడని అతనికి తెలుసు. “ఆకలేత్తంది” అన్నాడు. తవిటమ్మ చెయ్యి కడుక్కుని కంచం పెట్టింది. అతను నెమ్మదిగా, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. మజ్జిగ కూడా తాగాడు.

పొద్దువాలే వేళకు ఆటో వచ్చింది. స్టేషన్ దగ్గరే. అయినా ఎవరూ రావద్దన్నాడు. జనరల్ పెట్టె, చోటు కోసం తోసుకోవాలి, ఆడవాళ్ళు అక్కడెందుకు అన్నాడు. అసలు కారణం ఆ తోపులాటలో తనను వాళ్ళు చూడటం ఇష్టం లేకపోవడం. సంచి, పులిహోర డబ్బా, దుప్పటి. రజని వీధి మలుపు దాకా ఆటో పక్కన నడిచి, చేరగానే ఫోన్ చెయ్యమని హిందీలో చెప్పింది. “అలాగేనమ్మా” అన్నాడు. సరస్వతమ్మ తన గుమ్మంలోంచి, “మంచి ఉద్యోగం, మంచి మనిషి, సుఖంగా ఎల్లు బాబూ” అంది. దేముడు ఆవిడకు దండం పెట్టాడు. ఆటో మలుపు తిరిగింది.

కొంతసేపటికి బండి కూత వినిపించింది. ఆ వీధిలో రోజూ ఎన్నో కూతలు వినిపిస్తాయి. ఏది ఎవరిదో చెప్పలేం. అయినా తవిటమ్మ చేతిలో పని ఆపి, అది అణగిపోయేదాకా వింది. ఆ తరువాత దీపం పెట్టి, ఎంగిలి గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

చీకటి పడుతోంది. బట్టలారేసే తీగ మీద ఏదో ఉంటే దగ్గరకు వెళ్ళి చూసింది. మధ్యాహ్నం షెడ్డు నుంచి రాగానే, ఇన్నేళ్ళ అలవాటు చొప్పున దేముడి చేతులు వాటంతట అవే చేసిన పని. కాలరు దగ్గర నూనె మరక వదలని నీలం డ్యూటీ చొక్కా, పొద్దుట డ్యూటీకి ఆరాలని తిరగేసి, రెండు వైపులా క్లిప్పులు పెట్టి ఉంది. చేతుల అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి.