నాన్న పేరు మీద సాయం

ఇంగ్లండ్‌లోని గ్రిమ్స్‌బీ రేవులో చేపల ఫ్యాక్టరీలో గ్లెండా ముప్ఫై ఏళ్ల పాటు తడినేల మీద నిలబడి చేపలు కోసింది. మోకాళ్లు అరిగిపోయాక ఉద్యోగం పోయింది. అప్పటినుంచీ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భృతే ఆధారం. మొగుడు వ్యాపారానికి వ్యాన్లు కొంటానంటే బ్యాంకు అప్పు కాగితాల మీద తనూ సంతకం పెట్టింది. వ్యాపారం మునిగింది. ఆయన స్పెయిన్‌లో ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. అప్పు గ్లెండా నెత్తిన పడింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, రెండు వీధుల అవతల ఉండే చెల్లెలు జనీన్‌కి అసలే చెప్పలేదు.

జనీన్‌దీ భృతి బతుకే. గోళ్ల రంగుల షాపు పెట్టి, అందిన చోటల్లా అప్పు చేసి, చివరికి మూసేసింది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వేడి చిప్స్ పొట్లం పట్టుకుని అక్క ఇంటికొచ్చింది.

"ఐపీ పెట్టేశానక్కా. ఇవాళ ఆర్డరొచ్చింది. ఇక నా తలుపు కొట్టేవాడు లేడు!"

"దివాలా తియ్యడానికీ ఫీజు కట్టాలిగా? దగ్గర దగ్గర ఏడొందల పౌండ్లంటారు. నీకెక్కడివే?"

"జాలర్ల కుటుంబాలకి ట్రస్టుంది కదా. నాన్న సంగతి రాశాను. వాళ్లే కట్టేశారు."

గ్లెండా చిప్స్ పొట్లం పక్కకు నెట్టేసింది.

నాన్న పడవ ఐస్‌లాండ్ దగ్గర మునిగినప్పుడు గ్లెండా బడికి వెళ్తోంది, జనీన్ ఇంకా ఉయ్యాల్లో ఉంది. నాన్న కోటుకుండే తారు వాసన, భుజాల మీద ఎక్కించుకుని పాడే పాటలు అన్నీ గ్లెండావి. తన మొహం కూడా గుర్తులేని కూతురికి నాన్న పోయాక కూడా డబ్బు పంపాడా?

తర్వాత జనీన్ ఏం చేసినా గ్లెండాకు కంటగింపే అయింది. జనీన్ జుట్టుకు రంగేసుకుంటే "అప్పులెగ్గొట్టిన సొగసు" అనుకునేది. కిటికీలోంచి పాట వినిపిస్తే అటు నడవడం మానేసేది. తను టోస్టు ముక్కతో పొద్దు గడిపి వాయిదాలు కడుతుంటే, కట్టనిదానికి కంటినిండా నిద్ర! ఫోన్ మోగితే బాకీవాళ్లేమోనని గ్లెండా ఎత్తేది కాదు. జనీన్ మాత్రం ఫోన్ మోగితే నవ్వుతూ ఎత్తేది. ఆ నవ్వే గ్లెండాను ఎక్కువ కాల్చేది.

ఆగస్టులో భృతి పడిన రోజున గ్లెండా పాలూ రొట్టే కొని కార్డిస్తే, డబ్బు లేదని మెషీన్ చెప్పింది. ఖాతా ఎప్పటినుంచో మైనస్‌లో ఉంది. పడిన భృతిని పడినట్టే బ్యాంకు బాకీ కింద జమ వేసుకుంది. పాల సీసా తిరిగి అరలో పెడుతుంటే వెనకనున్నవాళ్లు పక్కకు చూశారు. ఇంట్లో ముందు డబ్బేస్తేనే కరెంటిచ్చే మీటరు అప్పటికే ఖాళీ.

ఇక దారి లేక చర్చి హాల్లో అప్పుల సలహా చెప్పేచోటికి వెళ్లింది. లోపల జీతం లేని సాయంగా టీ పోస్తూ ఎదురైంది ఎవరనుకున్నారు, జనీనే! వచ్చినవాళ్లంతా ఆమెతో పరాచికాలాడుతున్నారు. గ్లెండా ఆమె వైపు చూడకుండా సలహా బల్ల దగ్గరకెళ్లి కూర్చుంది.

సలహా చెప్పే ఆస్‌గుడ్ అనే పెద్దాయన కాగితాలన్నీ చూశాడు.

"తక్కువ అప్పయితే చౌకదారి ఒకటుంది. మీది ఆ హద్దు దాటింది, దివాలాయే మార్గం. ముందు మీ భృతి ఆ బ్యాంకులో పడకుండా చూడాలి. మీరు పైసా బాకీలేని బ్యాంకులో మామూలు ఖాతా తెరవండి. ఓవర్‌డ్రాఫ్టు ఉండదు, ఒట్టి కార్డే. భృతి ఆఫీసుకి ఆ నంబరివ్వండి. ఫీజు కొంచెం కొంచెంగా కట్టుకోవచ్చు, కానీ పూర్తయ్యాకే దరఖాస్తు వెళ్తుంది."

"మా నాన్నా జాలరే. నేనూ ట్రస్టుకి రాస్తాను," అంది గ్లెండా.

జనీన్ టీ కప్పు కింద పెట్టింది. "ఒక్కో జాలరి పేరు మీద ఒక్కరికే ఇస్తారక్కా."

"ఆఁ, అంతే కదా! నాన్నని కూడా నువ్వే దోచుకున్నావు!"

టీ తాగుతున్నవాళ్లు ఇటు తిరిగారు.

"జనవరిలో మీ ఇంటికొచ్చి అడగలేదూ?" అంది జనీన్ మెల్లగా. "ఒక్కరికే ఇస్తారట, నీకేమైనా అప్పులుంటే నువ్వే రాయి, నేనాగుతాను అన్నాను. నువ్వేమన్నావు? నీలా ఇల్లు గుల్ల చేసుకునేదాన్ని కాదు పోవే అన్నావు."

ట్రస్టు సంగతి చెవికెక్కించుకోకుండానే అలా అన్నమాట నిజమే. గ్లెండా కాగితాలు సంచిలో సర్దుకుంది. తప్పు తనదని తెలిసింది, అయినా కుళ్లు పోలేదు. చెల్లెలి మాటే నిజమైనందుకు ఇంకాస్త పెరిగింది కూడా.

మర్నాడు జనీనే వచ్చి వేరే బ్యాంకుకు తీసుకెళ్లింది. వస్తూ వస్తూ మీటరుకు డబ్బు వేయించింది.

"తిరిగిచ్చేస్తాలే," అంది గ్లెండా.

"ఇద్దువుగానిలే మహారాణీ, ముందు దీపం వెలిగించుకో."

ఇవ్వగలిగే స్థితిలో చెల్లెలున్నందుకు కూడా గ్లెండాకు కళ్లు కుట్టాయి. అయినా థాంక్స్ చెప్పింది.

చలికాలమంతా కొత్త ఖాతాలోంచి ఐదూ పదీ ఫీజు కింద కడుతూ వచ్చింది. మొగుడు వదిలిపోయిన గాలాలూ, పెళ్లి ఉంగరమూ అమ్మింది. పాత అప్పుకు కట్టడం ఆపేసి, ఫోన్లొస్తే "దివాలాకి వెళ్తున్నాను" అని చెప్పడం నేర్చుకుంది. మళ్లీ వసంతం వచ్చేసరికి ఆర్డరొచ్చింది. దివాలాలు చూసే ప్రభుత్వాధికారి ఫోన్లో మర్యాదగా ప్రశ్నలడిగాడు. పాత ఖాతా స్తంభించిపోయింది, కొత్తదానికి ఏమీ కాలేదు. ఆ సాయంత్రం గ్లెండా గుడ్లు వేయించుకుని, మధ్యలో ఫోన్ వైపు చూడకుండా తింది.

రెండు రోజులకు జనీన్ ఆయాసపడుతూ వచ్చింది. "అక్కా, ఆసుపత్రిలో ఫోన్లెత్తే ఉద్యోగమొచ్చింది! యూనిఫారం కూడా ఇస్తారు!"

గ్లెండా గుండెలో మళ్లీ ఆ పాత మంట చురుక్కుమంది.

"కూర్చుని చేసే పనేనా?"

"ఆఁ, కూర్చునే."

"ఇంకో ఖాళీ ఉందేమో కనుక్కోవే."

జనీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "కనుక్కుంటా. కానీ నాకంటే మంచి షిఫ్టు నీకిచ్చారో, నేనూరుకోను!"

"ఏడ్చుకో అప్పుడు," అంటూ గ్లెండా కెటిల్ పొయ్యి మీద పెట్టింది.