ఎస్ మేడం

నిసార్ నోటికి ఒకటే జబ్బు. తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు దాటి ఎవరేమన్నా "ఎస్ మేడం, గుడ్ మేడం" అనేస్తాడు. అర్థం కాలేదంటే డ్యూటీ ఎక్కడ పోతుందోనని, బోధన్ నుంచి బహ్రెయిన్ వచ్చి కారు తోలుతున్న కొత్తలో పట్టుకున్న భయం అది.

ఇప్పుడతను కారు తోలే డోరతీ మేడం, మహూజ్ పేటలో అద్దెకు దిగిన అమెరికా నవలా రచయిత్రి. తండ్రి ఆయిల్ కంపెనీ ఇంజనీరు కావడంతో బహ్రెయిన్‌లోనే, ఆ కంపెనీ కట్టిన అవాలి ఊళ్లో పుట్టింది. ఎన్ని నవలలు రాసి పేరు తెచ్చుకున్నా, పుట్టిన చోటు గురించి రాయలేదన్న వెలితి డెబ్బై దాటాక ఆమెను ఇక్కడికి తరిమింది. ఆమెకో నియమం ఉంది. ఎవరి బతుకు రాసినా ముందు చదివి వినిపించి, సరేనంటేనే ఉంచుతుంది.

కారులో ఆమెకు నిసార్ వచ్చిన ముక్కల్లోనే తన దోస్తు లింబాద్రి సంగతి చెప్పాడు. సల్మాబాద్ లేబర్ క్యాంపులో ఉండే లింబాద్రి మురుగు ట్యాంకులు కడుగుతాడు. ఇంట్లో మాత్రం ఏసీ గదిలో స్టోర్‌కీపర్నని చెప్పుకున్నాడు. క్యాంపులో అలాంటి అబద్ధాన్ని ఎవరూ తప్పుపట్టరు. కొన్నాళ్లకు మేడం కాగితాలు తెచ్చి, లింబాద్రికి చెప్పి అడగమని నిసార్‌కు చదివింది, అతని పేరు అలాగే ఉంచనా అని కూడా అడిగింది. గడగడా సాగిన ఆ పుస్తకాల ఇంగ్లీషులో నిసార్‌కు "లింబాద్రి" ఒక్కటే తెలిసింది.

"ఎస్ మేడం, గుడ్ మేడం."

నవల అచ్చయింది.

"అన్నా, నీ పేరు అమెరికా బుక్కుల పడ్డది!"

లింబాద్రి పొంగిపోయాడు. డిగ్రీ చదివే కూతురు మల్లిక కోసం మేడంతో సంతకం పెట్టించి, సెలవు మీద ఊరికి పోయేవాడి సామాన్‌లో, పాలపొడి డబ్బాల మధ్య పుస్తకం పంపారు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

పుస్తకం చదివిన మల్లిక శుక్రవారం ఫోన్ చేసింది. "నాయినా, నువ్వు మోరీలల్ల దిగితే నేను చదువుకోవాల్నా? కాలేజీ బంద్ చేసిన. బట్టల దుకాణంల పనికి కుదిరిన. నువ్వు వచ్చెయ్."

లింబాద్రి అరవలేదు. తిట్టినా బాగుండేదనిపించింది నిసార్‌కు.

"రాసేముందు ఆమె నిన్ను అడగలేదా, నిసారూ?"

"అడిగింది అన్నా."

"మరి నువ్వేమన్నవ్?"

బంగారంలాంటి పిల్ల చదువు నిసార్ నోటివల్లే ఆగింది. రేపు మేడంకు అంతా చెప్పెయ్యాలి, ఆమె మాటయితే మల్లిక వింటుందేమో అనుకున్నాడు.

మర్నాడు అవాలి దారిలో, లింబాద్రి కూతురికి పుస్తకం నచ్చిందా అని మేడం ఆశగా అడిగింది. ఈసారి నిసార్‌కు ప్రతి మాటా అర్థమైంది. చెప్పాల్సిందంతా నోటిదాకా వచ్చింది.

"ఎస్ మేడం," అన్నాడు. "గుడ్ మేడం."